అడ్మిషన్ లెటర్ పంపగానే మీ పని అయిపోలేదు

విశ్వవిద్యాలయాల అడ్మిషన్ విభాగాల అధికారులకు, రిజిస్ట్రార్లకు, మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పే అధ్యాపకులకు నమస్కారం.

నేను మీలో ఎవరికీ తెలియను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని నేనే. కొన్నేళ్లుగా సాయంత్రాలు, సెలవు రోజుల్లో, అప్లికేషన్ ఎలా నింపాలో తెలియక నా దగ్గరికి వచ్చే పిల్లల పక్కన కూర్చుని ఫారాలు నింపిస్తుంటాను. ఏ సంస్థ తరఫునా కాదు, ఒకరు చెబితే ఇంకొకరు వస్తున్నారు, అంతే. ఇన్నేళ్లలో నాకు అర్థమైన ఒక్క విషయం చెప్పడానికే ఈ ఉత్తరం. మీ దగ్గర చేరడానికి కావలసిన అర్హతల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. చేరినవాళ్లు నిలదొక్కుకోవడానికి మీరేం చేస్తారో మాత్రం ఆ పేజీల్లో ఎక్కడా కనపడదు. అడ్మిషన్ ఒక ఆఫీసు పని, ఆ తర్వాతది ఇంకో ఆఫీసు పని అని మీరు పంచేసుకున్నారు. బయట నిలబడ్డ పిల్లకు మాత్రం నోటిఫికేషన్ చదివిన రోజు నుంచి మొదటి పరీక్ష రాసిన రోజు దాకా అంతా ఒకటే దారి, అందులో ఎక్కడ తెగినా ఆమె ఇంటికే వెళ్లిపోతుంది.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో సర్టిఫికెట్లన్నీ తేదీల వరసలో సర్దుకుని ఉన్నాయి, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు, ఒక్కో కట్టకు ఒక క్లిప్పు. అంత పద్ధతైన పిల్ల. నోటిఫికేషన్ తెరిచి అర్హతల దగ్గరికి వచ్చాం. "గుర్తింపు పొందిన బోర్డు నిర్వహించిన పరీక్షలో లేదా తత్సమాన పరీక్షలో ఉత్తీర్ణత" అని ఉంది. ఆ "తత్సమాన" దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "నాది సమానమేనా అక్కా?" అంది. గుర్తింపు ఉన్న బోర్డుల జాబితా కోసం అరగంట వెతికాం, దొరకలేదు. ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే మొదటిసారి ఎవరూ ఎత్తలేదు, రెండోసారి ఎత్తినాయన వెబ్‌సైట్‌లో చూసుకోండి అని పెట్టేశారు. మేం అప్పటికే ఆ పేజీలోనే ఉన్నాం. అమ్మాయి కాగితాలన్నీ మళ్లీ వరసగా పెట్టుకుని, ఫోల్డర్ బటన్ నొక్కి, "ఇంటికెళ్లి ఆలోచిస్తానక్కా" అని లేచింది. అక్కడికి అప్లై చేయలేదు. ఆమె చదివిన బోర్డు నుంచే వచ్చిన అబ్బాయి అదే కోర్సులో చదువుతున్నాడని నాకు తర్వాత తెలిసింది, అప్పటికి గడువు దాటిపోయింది.

ఆ ఒక్క పదం పక్కన జాబితా ఉండుంటే సరిపోయేది. దానికి మీకు అయ్యే ఖర్చేమీ లేదు కూడా. కానీ నోటిఫికేషన్ రాసేవాళ్లు దాన్ని రేపు ఎవరైనా కోర్టుకు వెళితే నిలబడేలా రాస్తారు తప్ప, ఇంట్లో అడగడానికి ఎవరూ లేని పిల్ల చదువుతుందని ఊహించుకుని రాయరు. నియమం నియమంలాగే ఉండనివ్వండి, నేను వద్దనడం లేదు. దాని కిందే, మామూలు మాటల్లో, ఇది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, అనుమానం ఉంటే ఎవరిని అడగాలి అని మూడు వాక్యాలు రాయండి. "సంబంధిత అధికారిని సంప్రదించండి" అని రాసినప్పుడు ఆ అధికారి ఎవరో, ఏ వేళలో దొరుకుతారో కూడా రాయాలి కదా.

అర్హత మార్కుల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. కనీసం 50 శాతం ఉంటే చాలు అని రాస్తారు. అది చదివి 55 శాతం వచ్చిన పిల్లవాడు ఆశతో ఫీజు కట్టి అప్లై చేస్తాడు. కిందటేడాది చివరి సీటు ఎంతకు నిండిందో మీకు తెలుసు. అది 80 దగ్గర ఆగి ఉంటే, ఆ పిల్లవాడు కట్టిన ఫీజు, చూసిన ఎదురుచూపు, మిగతా చోట్ల పోగొట్టుకున్న గడువులు, ఇవన్నీ ఎవరి ఖాతాలో రాయాలి? కనీస అర్హత ఎంతో రాసిన లైను కిందే గత రెండు మూడేళ్లలో చివరి సీటు ఎన్ని మార్కులకు వెళ్లిందో రాయండి. మొదట అర్హత ఉందో లేదో తేల్చి, ఆ తర్వాతే ఫీజు తీసుకోండి. ఇప్పుడు చాలా చోట్ల డబ్బు కట్టాకే అర్హత గురించిన ప్రశ్నలు మొదలవుతాయి, అర్హత లేదని తేలితే ఆ డబ్బు తిరిగి రాదు. చదువు చెప్పే సంస్థ ఇలా చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

పేరు రాసే గడుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ సమయం పోగొట్టుకునేది అక్కడే. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెడతారు, రెండూ తప్పనిసరి. లోకంలో అందరికీ పేర్లు అలా ఉండవు. ఇండోనేషియాలో ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరంటూ ఉండదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అని చేర్చి రాసుకుంటారు. స్కూలు సర్టిఫికెట్‌లో ఒకే అక్షరంగా (ఇనీషియల్‌గా) ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తి పేరుగా విడిపోయి ఉంటుంది. ఏ గడిలో ఏది రాయాలో తెలియక పిల్లలు తోచింది రాస్తారు. ఆరు నెలల తర్వాత పరిశీలనలో పేరు కలవలేదని ఆపేస్తారు, అఫిడవిట్ తెమ్మంటారు. పాస్‌పోర్టులో లేదా చివరి సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలా పూర్తి పేరు ఒకే గడిలో రాయమంటే ఈ తలనొప్పి చాలావరకు పుట్టదు. ఫొటో ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం ఇన్ని కేబీలకు తగ్గకూడదు అనే నిబంధనలైతే మీ సాఫ్ట్‌వేరే సర్దుకోగలిగిన పని, ఫోన్ తప్ప ఏమీ లేని పిల్లలతో ఎందుకు చేయిస్తున్నారో ఒకసారి మీ వాళ్లను అడగండి.

వేరే దేశం నుంచి వచ్చేవాళ్ల కాగితాల కథ మరీ పెద్దది. ట్రాన్స్‌క్రిప్ట్‌లు, వాటి మీద అధికారుల ముద్రలు, అనువాదాలు, వాటి మీద మళ్లీ ముద్రలు. పత్రాల మీద దేశానికో రకం ధ్రువీకరణ అక్కర్లేకుండా ఒకే అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే ధ్రువీకరణ ముద్ర) సరిపోవాలని 1961లోనే హేగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఒక దేశంలో చదివిన చదువును ఇంకో దేశం గుర్తించడం గురించి యూరప్‌లో 1997లో రాసుకున్న లిస్బన్ ఒప్పందంలో ఇంకో మంచి మాట ఉంది. ఒక విద్యార్థి అర్హత సరిపోదని మీరు అంటే, ఎందుకు సరిపోదో నిరూపించాల్సిన బాధ్యత పరిశీలించే సంస్థదే, విద్యార్థిది కాదు. నాకు ఈ మాట తెలిసిన రోజు చాలా సేపు ఆ ఫోల్డర్ అమ్మాయే గుర్తొచ్చింది. తనది సమానమేనని నిరూపించుకోవాల్సిన బరువంతా ఆమె మీదే పడింది, నిరూపించుకునే దారి మాత్రం ఆమెకు ఎవరూ చూపించలేదు. 2019లో యునెస్కో ఇలాంటి గుర్తింపు కోసం ప్రపంచం మొత్తానికి ఒక ఒప్పందం తెచ్చింది, 2023 మార్చిలో అది అమల్లోకి వచ్చింది. అందులో శరణార్థుల గురించి కూడా ఉంది, యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోయినవాళ్ల చేతిలో మార్కుల మెమో ఉండకపోవచ్చని. అలాంటివాళ్ల కోసం నార్వేలో ఇంటర్వ్యూ చేసి, అడిగి, వాళ్ల చదువు ఎంతవరకు ఉందో అంచనా వేసే పద్ధతి పెట్టారు, దాని దారిలోనే కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2017 నుంచి శరణార్థుల కోసం ఒక అర్హతల పాస్‌పోర్టు, అంటే అలా అంచనా వేసిన చదువు వివరాలు రాసిచ్చే పత్రం, నడుపుతోంది. కాగితమే లేని మనిషి విషయంలో ఇంత చేయగలిగినప్పుడు, కాగితాలన్నీ ఉండి ఒక్క పదం అర్థం కాక ఆగిపోయినవాళ్ల విషయంలో మీరు చేయాల్సింది చాలా చిన్నది.

సమాచారమంతా వెబ్‌సైట్‌లో పెట్టాం కదా, ఇంకేం చేయాలి అని మీలో కొందరు అంటారు, నాతో అన్నారు కూడా. దీనికి జవాబుగా అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అక్కడ కాలేజీకి ఆర్థిక సాయం కావాలంటే ప్రభుత్వానికి ఒక పొడవాటి ఫారం పెట్టుకోవాలి. ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో పన్ను రిటర్నులు వేయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయం కుటుంబాలను పరిశోధకులు వేర్వేరు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు అక్కడికక్కడే, అప్పటికే చేతిలో ఉన్న పన్ను వివరాలతో, పక్కన కూర్చుని ఆ ఫారం నింపిపెట్టారు, సాయం ఎంత రావచ్చో లెక్క చెప్పారు. ఇంకో గుంపుకు లెక్క చెప్పి, వివరాలిచ్చి, మీరే అప్లై చేసుకోండి అన్నారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. ఫారం నింపిపెట్టిన ఇళ్లలో ఆ ఏడాది స్కూలు ముగించే పిల్లలు కాలేజీలో చేరడం 8 శాతం పాయింట్లు పెరిగింది. సమాచారం మాత్రమే ఇచ్చిన గుంపులో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. పక్కన కూర్చున్నది కొద్ది నిమిషాలే. నేను చేస్తున్నదీ అదే కాబట్టి ఆ మాటను నేను చూసి చెప్పగలను. పిల్లలకు తెలివి తక్కువై కాదు. తప్పు రాస్తే ఏమవుతుందో అన్న భయం ఒకటుంటుంది, ఆ భయానికి వెబ్‌సైట్ జవాబు చెప్పదు. పక్కనున్న మనిషి "పర్లేదు, ఇది తర్వాత మార్చుకోవచ్చు" అంటే చెయ్యి కదులుతుంది.

సరే, ఫారం నింపారు, సీటు వచ్చింది, అడ్మిషన్ లెటర్ వచ్చింది. ఇంట్లో అందరికీ చూపించారు. మీ ఆఫీసులో ఆ ఫైలు మూసేశారు. అసలు ప్రమాదం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

నా సంగతే చెప్తాను. నాకు లెటర్ వచ్చినప్పుడు మొదటి పేజీలో అభినందనలు ఉన్నాయి, ఆ పేజీని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, హాస్టల్ కోసం విడిగా దరఖాస్తు చేసుకోవాలని, దానికి గడువు తొమ్మిది రోజులని ఉంది. సీటు వచ్చిందంటే ఉండే చోటు కూడా ఇచ్చినట్టేనని నేను అనుకున్నాను, మా ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు. సామాను పట్టుకుని వెళ్లిన రోజు కౌంటర్ దగ్గర నా పేరు లేదన్నారు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, తిరిగి వెళ్లిపోతే ఎవరికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. సీనియర్ అమ్మాయి ఒకరు చూసి తన గదిలో పదిహేను రోజులు ఉంచుకుంది, దరఖాస్తు తనే రాసింది, వార్డెన్ దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆమె ఆ దారిన రాకపోయి ఉంటే నేను ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తూ ఉండేదాన్ని కాదు. ఒక విశ్వవిద్యాలయంలో నా చదువు నిలబడటం ఒక మనిషి ఆ వేళకు ఆ మెట్లు దిగడం మీద ఆధారపడింది. అలా ఉండకూడదు.

సీటు ఒప్పుకుని కూడా మొదటి రోజుకు రాకుండా పోయేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. అమెరికాలో దీన్ని గట్టిగా పరిశోధించారు. స్కూలు అయిపోయి కాలేజీకి వెళ్తామని తేల్చుకున్నవాళ్లలో 10 నుంచి 20 శాతం దాకా వేసవిలోనే జారిపోతారని అంచనా, పేదింటి పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. మనసు మారి కాదు. చాలామంది ఒక ఫారం దగ్గర, ఒక టీకా సర్టిఫికెట్ దగ్గర, అర్థం కాని బిల్లు దగ్గర ఆగిపోతారు. స్కూలు అయిపోయింది కాబట్టి అక్కడి టీచర్లు ఉండరు, కాలేజీ మొదలవలేదు కాబట్టి ఇక్కడివాళ్లూ ఉండరు. ఆ రెండు మూడు నెలలు పిల్లలు ఎవరి బాధ్యతా కాదు. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016 వేసవిలో సీటు ఒప్పుకున్న పిల్లల ఫోన్లకు మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టింది. మీది ఫలానా ఫారం రాలేదు, ఫలానా తేదీలోపు పంపండి, అర్థం కాకపోతే దీనికే జవాబివ్వండి అని, ఎవరికి ఏది మిగిలిందో వాళ్లకు అదే. పిల్లలు అర్ధరాత్రి అడిగినా జవాబు వచ్చేది, మామూలు ప్రశ్నలకు కంప్యూటరే చెప్పేది, దానికి తెలియనివి సిబ్బంది చూసేవాళ్లు. ఇలా జారిపోయేవాళ్లు దాదాపు 21 శాతం తగ్గారు. మీ దగ్గర అంత సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు. ఎవరి ఏ కాగితం రాలేదో తెలిసిన జాబితా అయితే ఉంటుంది, ఫోనూ ఉంటుంది.

ఇక చేరాక. మొదటి రోజు ఓరియెంటేషన్ పెడతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. లైబ్రరీ, పరీక్షలు, హాజరు, స్కాలర్‌షిప్, ర్యాగింగ్, కౌన్సెలింగ్ అన్నీ ఆ ఒక్క రోజే చెప్పేస్తారు. కొత్త చోటు, కొత్త మనుషులు, గది ఎక్కడో కూడా సరిగ్గా తెలియని టెన్షన్‌లో ఉన్న పిల్లల బుర్రలోకి అందులో ఎంత వెళ్తుందనుకుంటున్నారు? కోర్సు మార్చుకోవడం గురించి వాళ్లకు మూడో వారంలో కావాలి. ఫెయిలైతే ఏం చేయాలో మొదటి పరీక్ష మార్కులు వచ్చిన రోజున కావాలి. ఎప్పుడు ఏది అవసరమో అప్పుడు అది చెప్పండి, ఆరు వారాల్లో వారానికో గంట చాలు. అంతా చెప్పేశాం అని మీరు సంతకాలు తీసుకునే ఆ మొదటి రోజు వల్ల మీ రికార్డుకు తప్ప పిల్లలకు పెద్దగా ఉపయోగం లేదు, ఇది కొంచెం కటువుగానే చెప్తున్నాను.

కొన్ని మాటలు మీకు ఎంత అలవాటంటే, అవి తెలియనివాళ్లు ఉంటారని కూడా మీకు తట్టదు. "ఆఫీస్ అవర్స్" అని సిలబస్ కాగితం మీద ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి, బాగా చదివేవాడే, ఆ వేళల్లో ప్రొఫెసర్ గారు ఆఫీసు పనిలో ఉంటారు, వెళ్లి విసిగించకూడదు అని అర్థం చేసుకున్నాడు. ఒక సెమిస్టర్ మొత్తం ఆ గది ముందు నుంచి చప్పుడు చేయకుండా నడిచి వెళ్లాడు. అది తన లాంటివాళ్లు వచ్చి అడగడానికే పెట్టిన సమయమని నేను చెప్తే మొదట నమ్మలేదు. క్రెడిట్ అంటే ఏమిటి, కోర్సు వదులుకోవడానికీ ఫెయిలవడానికీ తేడా ఏమిటి, పుస్తకంలోది చూసి రాస్తే ఎప్పుడు తప్పవుతుంది, మెయిల్‌లో అధ్యాపకులను ఏమని సంబోధించాలి, ఇవన్నీ చదువుకున్న ఇళ్లలో భోజనాల దగ్గర పిల్లల చెవిన పడతాయి. మిగతా పిల్లలకు ఇవి చెప్పాల్సింది మీరే. అడుగుతారులే అని ఎదురుచూడకండి. ఏం అడగాలో తెలిస్తేనే కదా అడుగుతారు.

అధ్యాపకులతో ప్రత్యేకంగా ఒక మాట. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో యూరి ట్రైస్‌మన్ అనే ఆయన, అప్పటికి ఆయన కూడా విద్యార్థే, మొదటి సంవత్సరం కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు ఎక్కువగా ఫెయిలవుతున్నారో తెలుసుకోవాలనుకున్నారు. ఆసక్తి లేదని, ముందు చదువు బలహీనమని, ఇంట్లో ప్రోత్సాహం లేదని అధ్యాపకులు తలా ఒక కారణం చెప్పారు. ఆయన పిల్లల వెంట తిరిగి, వాళ్లు ఎలా చదువుతున్నారో చూశారు. ఆ కారణాలేవీ నిలబడలేదు. ఆ పిల్లలు కష్టపడుతున్నారు, అయితే ఒంటరిగా గదిలో కూర్చుని చదువుతున్నారు, ఎక్కడ తప్పుతున్నారో చెప్పేవాళ్లు లేరు. అదే క్లాసులో బాగా చేస్తున్న చైనీస్ అమెరికన్ పిల్లలు కలిసి కూర్చుని ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన వెనకబడినవాళ్లకని తేలిక పాఠాలు పెట్టలేదు. ఇంకా కష్టమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టి చేయించారు. ఫెయిలయ్యేవాళ్లు బాగా తగ్గిపోయారు. దీంట్లో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, ఆ పిల్లలను తక్కువ చేయలేదు. మీరు పునాది పాఠాలు మళ్లీ చెప్పే "బ్రిడ్జ్ కోర్సు" అని పెట్టి, మార్కులు తక్కువున్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించి, వాళ్లనే వేరుగా కూర్చోబెడుతుంటే ఎవరు వస్తారు? వచ్చినవాళ్లు కూడా తలొంచుకునే వస్తారు.

ఇక్కడ మన స్థానం ఇది కాదేమో అన్న అనుమానం కొత్తగా వచ్చిన చాలామందికి ఉంటుంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఈ అనుమానం మొదట్లో అందరికీ ఉంటుందని, కొంత కాలానికి పోతుందని సీనియర్ల మాటల్లో ఒక్క గంటసేపు చెప్పించినందుకే నల్లజాతి విద్యార్థుల మార్కులు మూడేళ్లపాటు మెరుగుపడ్డాయి. ఇది చదివి సంబరపడి ఒక గంట ఉపన్యాసం పెట్టి ఊరుకోకండి. 2023లో 22 కాలేజీల్లో అదే పద్ధతిని పరీక్షించినప్పుడు, ఆ పిల్లలకు నిజంగా చోటిచ్చే వాతావరణం ఉన్న దగ్గరే అది పని చేసిందని తేలింది. నువ్వు మాలో ఒకడివే అని వేదిక మీద చెప్పి, కౌంటర్ దగ్గర చీదరించుకుంటే పిల్లలు కౌంటర్ మాటే నమ్ముతారు.

డబ్బు లేదు, మనుషులు లేరు అంటారని తెలుసు. నిజమే కావచ్చు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో రెండేళ్ల డిగ్రీ పిల్లల కోసం ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ తరచూ కలిసి మాట్లాడే సలహాదారు, ట్యూషన్, పుస్తకాలకు సాయం, రానూపోనూ ప్రయాణానికి పాసు, ఫీజులో మిగిలిన లోటు పూడ్చడం. అన్నీ కలిపి ఇచ్చారు, ముక్కలుగా కాదు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం, ఈ కార్యక్రమంలో 40 శాతం. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు ఎక్కువైంది, కానీ పూర్తయిన ఒక్కో డిగ్రీకి లెక్క వేస్తే తక్కువే పడింది. మధ్యలో మానేసిన పిల్లవాడి మీద మీరు పెట్టిన ఖర్చు కూడా ఖర్చే, అది మీ లెక్కల్లో ఎక్కడా విడిగా కనపడదు, అంతే తేడా.

ప్రమాణాలు తగ్గించమని అడుగుతున్నావా అని కోపం తెచ్చుకోకండి. లేదు. ఇంజినీరింగ్‌కు లెక్కలు కావాలంటే కావాలి, గట్టిగానే అడగండి, ఏ పాఠాలు ఎంతవరకు వచ్చి ఉండాలో, ఎందుకు కావాలో కూడా రాయండి. పునాది లేని పిల్లను సీటు నింపుకోవడానికి చేర్చుకుని, ఆ తర్వాత వదిలేయడమే అన్నిటికంటే పెద్ద అన్యాయమని నేను నమ్ముతాను. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టి, 1971లో మొదటి విద్యార్థులను తీసుకున్నప్పుడు ముందు చదువు ఏమీ అడగలేదు. తలుపు తెరిచి పెట్టారు, లోపల ట్యూటర్లను, దూరంగా ఉండి చదివేవాళ్లకు అర్థమయ్యేలా రాసిన పాఠాలను పెట్టారు, డిగ్రీ పరీక్ష మాత్రం మిగతా యూనివర్సిటీల స్థాయిలోనే ఉంచారు. కష్టం చదువులో ఉండాలి. ఫారంలో, ఫోన్ ఎత్తని నంబరులో, రెండో పేజీ అడుగున ఉన్న గడువులో ఉన్న కష్టం ఎవరికీ ఏమీ నేర్పదు, ఎవరినీ సరిగ్గా ఎంచి పెట్టదు కూడా. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారా లేదా అన్నది ఒక్కటే అది కొలిచేది.

అందుకని ఈ ఏడాది ఒక పని చేయమని అడుగుతున్నాను. నోటిఫికేషన్ బయటికి పంపే ముందు, ఇంట్లో కాలేజీ చదివినవాళ్లెవరూ లేని ఒక పిల్లనో పిల్లవాడినో పిలిచి మీ గదిలో కూర్చోబెట్టండి. నోటిఫికేషన్, ఫారం, అడ్మిషన్ లెటర్ మూడూ చేతికిచ్చి చదవమనండి, నింపమనండి. మీరు పక్కనే ఉండండి, ఏమీ చెప్పకండి. వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఆగిన ప్రతి చోటా ఒక గుర్తు పెట్టుకోండి. అడ్మిషన్ లెటర్ మీద ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు ఉండాలి, ఆ నంబరు మొదటి సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా అదే మనిషి దగ్గర ఉండాలి, హాస్టల్ అయినా ఫీజు అయినా ఫెయిలైన పరీక్ష అయినా "అది మా విభాగం కాదు" అనకుండా ఆ మనిషే కనుక్కుని చెప్పాలి.

ఇంకొకటి. కిందటేడాది సీటు ఒప్పుకుని కూడా రానివాళ్ల జాబితా మీ దగ్గర ఉంటుంది. పక్కన "చేరలేదు" అని రాసి ఉంటుంది. ఆ జాబితా తీసి, ఓపికున్న ఒకరిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి. ఎక్కడ ఆగిపోయారమ్మా, ఏం జరిగింది నాయనా అని అడిగించండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించండి. అందులో కొందరు ఇప్పటికీ రావాలనే అనుకుంటూ ఉంటారు, వాళ్లకు ఈ ఏడాది ఎలా చేరాలో అదే ఫోన్‌లో చెప్పండి. ఫోన్లు చేయడానికి మనుషులు చాలకపోతే చెప్పండి, నా సాయంత్రాలు ఖాళీయే, నేను వస్తాను.

ఇట్లు,
పిల్లల పక్కన కూర్చుని ఫారాలు నింపించే ఒక అక్క